మొదటి రకం సౌండ్ బాక్సు

12 జూన్ 1978, ఆదోని

ఈరోజు నుంచి డైరీ రాస్తున్నాను. ఇంట్లో గ్రామఫోను మాట ఎత్తితే నా భార్య రమాబాయి లేచి వంటింట్లోకి పోతున్నది. పత్తి మండీలో ఎత్తితే పత్తి కొనడానికి వచ్చినవాళ్లు లేచి పోతున్నారు. కాగితం లేచి పోలేదు.

మామగారు పోయి రెండేళ్లయింది. ఇల్లు, పొలం, ఇత్తడి సామాను పంచుకునేటప్పుడు అక్కాచెల్లెళ్ల మధ్య ఒక్క మాట రాలేదు. గ్రామఫోను దగ్గర వచ్చింది. రమాబాయి పెట్టెను పట్టుకుంది. చెల్లెలు తారాబాయి బాకాను పట్టుకుంది. ఇద్దరూ వదల్లేదు. చివరికి ఎవరు పట్టుకున్నది వాళ్లు పట్టుకున్నట్టే బస్సెక్కారు. కాబట్టి చెక్కపెట్టె, దాని లోపలి యంత్రం, ప్లేటు తిరిగే పళ్లెం ఆదోనిలో మా ఇంట్లో ఉన్నాయి. బాకా, ప్లేటు మీదికి వంగే గొట్టం, దాని కొసనుండే సౌండ్ బాక్సు ఎమ్మిగనూరులో తారాబాయి ఇంట్లో ఉన్నాయి. పాటల ప్లేట్లు మా అత్తగారు శాంతాబాయి ట్రంకులో ఉన్నాయి. అత్తగారు కూడా ఎమ్మిగనూరులోనే ఉన్నారు. అక్కాచెల్లెళ్లకు అప్పటినుంచి మాటల్లేవు.

మొన్న మంత్రాలయంలో పెళ్లికి పోయినప్పుడు ఇద్దరు కూతుళ్లూ చెరోవైపు చేరి "మా ఇంట్లో ఉండమ్మా" అంటే "మా ఇంట్లోనే ఉండమ్మా" అని లాగారు. అత్తగారికి విసుగొచ్చింది. "సాకు! ఎవరింట్లో ఆ పెట్టె పాడితే వాళ్లింట్లో ఉంటాను, పొండి!" అని పంక్తిలో అందరి ముందూ అరిచారు. ఆమెకు కోపమొస్తే కన్నడం వస్తుంది, సాకు అంటే చాలు అని. అది విని నా తోడల్లుడు హనుమంతరావు, ఎమ్మిగనూరు లెక్కల మాస్టారు, పాయసం తాగుతూ నవ్వాడు.

నేను ఈ పనికి పూనుకున్నది అత్తగారి కోసం కాదు. ఆ నవ్వు కోసం అంతకన్నా కాదు. కళ కోసం.

18 జూన్

ఇంగ్లీషు పేపరులో ప్రకటన దొరికింది. దరాషా అండ్ నెఫ్యూస్, బొంబాయి. పాత గ్రామఫోన్ల విడిభాగాలు పోస్టులో పంపుతారు. నచ్చకపోతే తిప్పి పంపవచ్చు, దానికి బదులు ఇంకొకటి ఇస్తారు.

"కంటితో చూడకుండా ఎట్లా కొంటారండీ?" అని రమాబాయి అడిగింది.

నేను పత్తికి రకం కట్టే మనిషిని. పింజను రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి లాగి, కళ్లు మూసుకుని, మొదటి రకమో రెండో రకమో చెబుతాను. దూదిని పట్టుకోగలిగినవాడికి రేకు ఒక లెక్కా? ఈ మాటలన్నీ చెప్పేసరికి ఆమె వంటింట్లో ఉంది.

ముందు సౌండ్ బాక్సు కావాలని కార్డు రాశాను.

1 జూలై

పార్సెలు వచ్చింది. పోస్ట్‌మన్ దుర్గప్ప అరుగు మీద కూర్చుని, విప్పేదాకా కదలనన్నాడు. బొంబాయి పార్సెలు వాడు ఇంతవరకు మోయలేదట.

సౌండ్ బాక్సు అంటే సైకిలు గంటంత గుండ్రటి డబ్బా. దాని అడుగున ముల్లు బిగిస్తారు. ముల్లు ప్లేటు గీతల్లో నడుస్తుంటే డబ్బాలోని పల్చటి అభ్రకం రేకు అదురుతుంది. ఆ అదురే పాట.

"అద్భుతమైన స్థితి, ఒకే యజమాని" అని చీటీ ఉంది. నేను కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాను. అంచులు నున్నగా ఉన్నాయి. బరువు సరిపోయింది. ఊపితే లోపల గలగలమంది. ధ్వని పుష్కలంగా ఉందనడానికి అది గుర్తు. మొదటి రకం.

3 జూలై

గలగలమన్నది విరిగిన అభ్రకం.

7 జూలై

విరిగినంత మాత్రాన వస్తువు చెడ్డది కాదు. మరమ్మతు తెలిసినవాడి చేతికి రావడం దాని అదృష్టం.

అభ్రకం యాడ దొరుకుతుందా అని రెండు రోజులు ఆలోచించాను. ఇస్త్రీ పెట్టెలో! కరెంటు ఇస్త్రీ పెట్టె విప్పితే లోపల అంతా అభ్రకమే. గుండ్రంగా కత్తిరించాను. ఒక అంచున కాలిన మచ్చ ఒకటి పడి ఉంది, గోధుమ రంగులో, చిన్న మామిడికాయ ఆకారంలో. కనపడనివైపు పెట్టవచ్చు గానీ రెండు వైపులా కనపడుతుంది. పార్సెలు మీది లక్కనే కరిగించి అతికించాను. చుట్టూ మెత్తగా ఉండడానికి సైకిలు ట్యూబు రబ్బరు వేశాను.

సాయంత్రం రమాబాయి, "ఏమండీ, ఇస్త్రీ పెట్టె వేడెక్కడం లేదు, చూడండి" అంది.

ఎండాకాలం పోయింది కదా, కరెంటు చల్లగా వస్తున్నదని చెప్పాను.

10 జూలై

గఫూర్ సాబ్ దుకాణానికి పెట్టె తీసుకుపోయాను. ఆయన స్టవ్‌లు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేస్తాడు. గ్రామఫోను ముందెన్నడూ విప్పలేదట, అయినా ఏమాత్రం జంకలేదు.

"దీన్లో ఏముంది సార్, స్టవ్వే గదా ఇది. ఆడ మంట, ఈడ పాట. గాలి పోకుండా చూస్తే చాలు."

బాకా లేదు గనుక కాగితం పొట్లం చుట్టాం. గొట్టం లేదు గనుక సౌండ్ బాక్సు నేనే చేత్తో పట్టుకున్నాను. ప్లేటు గఫూర్ సాబ్ మామగారిది, ఖవ్వాలీ, ఒక అంచు విరిగింది. ఆయన హేండిలు తిప్పాడు. నేను ముల్లు ఆనించాను.

"ఆవాజ్ వచ్చింది సార్!" అని ఆయన ఎగిరాడు.

"ఏం ఆవాజు గఫూర్ సాబ్? కాకి."

"కాకిది మాత్రం ఆవాజ్ కాదా సార్?"

పక్క దుకాణం నుంచి ఒకాయన వచ్చి ఏదైనా జంతువు ఇరుక్కుందా అని అడిగిపోయాడు.

నా తీర్పు: మరమ్మతులో లోపం లేదు. డబ్బాలోనే పుట్టుకతో దోషం ఉంది. మూడో రకం. బొంబాయికి తిప్పి పంపేశాను. దీన్ని ఎవరి నెత్తిన రుద్దుతారో, వాడి మీద జాలి.

15 జూలై

మండీ నుంచి వచ్చేసరికి రమాబాయి పెట్టె ముందు కూర్చుని ఉంది. ప్లేటు లేదు, బాకా లేదు, ఊరికే హేండిలు తిప్పి ఖాళీ పళ్లెం తిరుగుతుంటే చూస్తున్నది. స్ప్రింగు అరుగుతుందని చెప్పాను. లేచిపోయింది.

28 జూలై

పళ్లెం ఒకసారి గానుగలా, ఒకసారి గిరగిరా తిరుగుతున్నది. వేగాన్ని అదుపులో పెట్టే భాగం చెడిపోయింది. దాని పేరు గవర్నరు. కొత్త గవర్నరు కావాలని బొంబాయికి కార్డు రాసి డబ్బాలో వేశాను.

సాయంత్రం దుర్గప్ప చెప్పులు వీధిలోనే విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మీరు కార్డులో గవర్నరు పన్జెయ్యడంల్యా, మార్చండి అని రాసినారంట. పోస్టాఫీసులో సదివినారు."

"అవును. ఊగుతున్నాడు. పాతబడిపోయాడు."

"మీరు రాస్తే మారుస్తారా సార్?"

"బదులు ఇంకొకటి పంపుతారు."

వాడు వీధి వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "మా ఓవర్సీరును గుడా ఒక మాట రాసి మార్పిచ్చండి సార్" అన్నాడు.

విడమర్చి చెప్పాను. నమ్మినట్టు లేదు. రేపటి నుంచి మా ఉత్తరాలు అందరికన్నా ముందు తెస్తానని చెప్పి పోయాడు.

19 ఆగస్టు

గవర్నరు, కొత్త స్ప్రింగు వచ్చాయి. పాత స్ప్రింగు తీసే పని గఫూర్ సాబ్ నెత్తిన వేసుకున్నాడు. స్ప్రింగు ఇత్తడి గిన్నెలాంటి దానిలో చుట్టుకుని ఉంటుంది. మూత తీసేముందు దాని బలం తగ్గించాలేమోనని నేనన్నాను. స్టవ్‌కు అట్లాంటి పద్ధతి లేదని ఆయనన్నాడు.

మూత తీశాడు. స్ప్రింగు తనంతట తానే బయటికొచ్చింది. దుకాణం ఈ చివరి నుంచి ఆ చివరికి పామువలె సాగింది. వేలాడుతున్న పెట్రోమాక్స్ గ్లాసు పగిలింది. గఫూర్ సాబ్ టోపీ కనపడలేదు. నా చొక్కాకు, ముఖానికి, ఎదురుగా టీ తాగుతున్న ఒక పెద్దమనిషికి నల్లటి గ్రీజు.

"చూసినారా సార్, ఎంత పవర్!" అన్నాడు గఫూర్ సాబ్ బల్ల కింద నుంచి.

టోపీ దూలం మీద దొరికింది. కొత్త స్ప్రింగు మాత్రం చక్కగా కూర్చుంది. మొదటి రకం. నేను ముందే చెప్పానని రాసుకుంటున్నాను.

9 సెప్టెంబరు

బాకా వచ్చింది. "అసలైన ఇత్తడి, ఒక చిన్న సొట్ట" అన్నారు. సొట్ట చిన్నదే, బాకా మొత్తం దానిలోనే ఉంది. రోడ్డురోలరు కింద పడిన ఉమ్మెత్తపువ్వులా చదునుగా, విస్తరాకు పార్సెలులా వచ్చింది.

గఫూర్ సాబ్ సుత్తితో కొట్టి మళ్లీ గుండ్రం చేశాడు. ఇప్పుడది గరాటుకు, శెనగనూనె డబ్బాకు మధ్యరకంగా ఉంది. స్టవ్ పైపు వంచి గొట్టం కూడా చేశాడు. పోయేటప్పుడు అలవాటుగా దానికి పిన్ను పెట్టి పొడిచాడు.

12 సెప్టెంబరు

దుర్గప్ప ఒక సంగతి మోసుకొచ్చాడు.

"మా బామ్మర్ది ఎమ్మిగనూరు పోస్టాఫీసులో ఉండాడు సార్. ఆడ మీ షడ్డకునికి గుడా బొంబాయి పార్సెళ్లు వస్తాండాయంట."

అయితే హనుమంతరావు కూడా! వాడికి త్రిభుజం తెలుసు, చతురస్రం తెలుసు. వస్తువును వేళ్లతో చూడడం ఏం తెలుసు? బొంబాయివాళ్లు వాడికి ఏ చెత్త అంటగడుతున్నారో పాపం.

రమాబాయి తలుపు చాటు నుంచి, "తార చిక్కిపోయిందంటనా? మోకాలు నొప్పి తగ్గిందంటనా?" అని దుర్గప్పను అడిగింది. గ్రామఫోనుకు సంబంధం లేని ప్రశ్నలు.

7 అక్టోబరు

గొప్ప రోజు.

సౌండ్ బాక్సుకు బదులుగా బొంబాయివాళ్లు ఇన్నాళ్లకు ఇంకొకటి పంపారు. పైన వెండి రంగు మెరుస్తున్నది. "విదేశీ నిపుణుడు స్వయంగా మరమ్మతు చేసినది" అని చీటీ. నేను చీటీలు నమ్మను. తలుపు వేసుకుని, విప్పి, గంటలకొద్దీ పరీక్షించాను. నా పరిశీలన ఇక్కడ రాస్తున్నాను.

అభ్రకం: అత్యుత్తమం. కత్తిరించిన తీరు చూస్తే ఏళ్ల అభ్యాసం ఉన్న చేయి అని తెలుస్తున్నది. ఒక అంచున గోధుమ రంగు మచ్చ ఉంది, మామిడికాయ ఆకారంలో. మేలుజాతి అభ్రకానికి అది పుట్టుమచ్చ అయి ఉండాలి.

లక్క: ఎర్రది. అక్కడక్కడ దళసరిగా, అక్కడక్కడ పల్చగా వేశాడు. తెలియనివాడికి ఇది పొరపాటులా కనపడుతుంది. అదురును సమంగా పంచడానికి కావాలని చేసిన పని. జర్మను పద్ధతి.

చుట్టూ మెత్త: ఇక్కడే అసలు ప్రతిభ. నేను మూర్ఖంగా రబ్బరు వాడాను. వీడు ఎర్రటి మెత్తని గుడ్డ వాడాడు. మన దేశంలో ఇట్లాంటి గుడ్డ నేయరు. విలాయతీది.

నా మరమ్మతు దీని ముందు నిలవదని ఒప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను. చూసి నేర్చుకోవాలి. మొదటి రకం కాదు, దానికి పైన ఇంకో రకం ఉంటే అది.

రమాబాయిని పిలిచి చూపించాను. కాసేపు తేరిపార చూసి, "ఆ మచ్చ మన ఇస్త్రీ పెట్టెలోది మాదిరి ఉందే" అంది.

ఆడవాళ్లకు ప్రతిదానిలోనూ ఇంటి సామానే కనపడుతుంది. అయినా ఇస్త్రీ పెట్టె లోపల ఏముందో ఈమెకెట్లా తెలిసింది?

5 నవంబరు

బిగించాం. ఖవ్వాలీ పెట్టాం. ఇప్పుడు కాకి కాదు. దూరంగా ఉన్న కాకి. చాలా మెరుగు.

అత్తగారికి కార్డు: "పెట్టె పాడుచున్నది. ట్రంకుతో సహా దయచేయవలెను."

19 నవంబరు

ఇంత పెద్ద ఆదివారం నా జీవితంలో రాలేదు. చెయ్యి నొస్తున్నా అన్నీ రాస్తాను.

పది గంటల బస్సుకు అత్తగారు దిగారు. ట్రంకు మోయడానికని హనుమంతరావు కూడా దిగాడు. హనుమంతరావు ఒక్కడే మోయలేడని తారాబాయి దిగింది. ముగ్గురూ మా గుమ్మంలో నిలబడ్డారు. రమాబాయి అమ్మను లోపలికి పిలిచింది, తలుపు తెరిచే ఉంచింది, చెల్లెలి వైపు చూడలేదు. తారాబాయి అక్క వైపు చూడకుండా లోపలికొచ్చి, నేరుగా వంటింటి గడపలో కూర్చుంది.

"ఏం అన్నా, పెట్టె పాడుతోందంట" అన్నాడు హనుమంతరావు. అదే నవ్వు.

"వింటే తెలుస్తుంది" అన్నాను. గఫూర్ సాబ్‌ను కూడా పిలిచి ఉంచాను, నా వైపు మనిషిగా. ఆయన కొత్త టోపీ పెట్టుకొచ్చాడు.

అత్తగారు ట్రంకు తెరిచి, పాత చీర మడతల్లోంచి ఒక ప్లేటు తీసి ఇచ్చారు. నేను హేండిలు తిప్పి, మామగారిని తలుచుకుని, ముల్లు ఆనించాను. మా బాకా ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆ తర్వాత స్టవ్ పైపు మెడ వాల్చేసింది. బాకా ఊడి, దొర్లుకుంటూ పోయి, గఫూర్ సాబ్ ఒడిలో పడింది.

"వాషర్ పోయింది సార్" అన్నాడాయన.

హనుమంతరావు నవ్వలేదు. పైకి లేచిన సౌండ్ బాక్సు వైపే చూస్తున్నాడు. నాకు గర్వమనిపించింది.

"చూడు హనుమంతరావూ, బాకా సంగతి వదిలెయ్. ఈ సౌండ్ బాక్సు చూడు. విదేశీ నిపుణుడి చేయి" అని విప్పి చేతికిచ్చాను. గుడ్డ సంగతి, లక్క సంగతి అన్నీ చెప్పాను. జర్మను పద్ధతి కూడా చెప్పాను.

అత్తగారు వంగి చూశారు. కళ్లజోడు పైకెత్తి మళ్లీ చూశారు.

"ఇది నా రవిక గుడ్డ గదా" అన్నారు.

వేలితో గుడ్డను నొక్కి చూశారు.

"ఉగాదికి కుట్టించుకున్న ఎర్ర రవికది. మిగిలిన ముక్క యాడ పెట్టినానో కనపళ్లేదు. ఏం హనుమంతరావుగారూ, ఎలకలు తీసుకపోయినాయి అన్నారే మీరు?"

హనుమంతరావు ముఖం ఆ గుడ్డ రంగులోకి వచ్చింది. సంగతి ముక్కలు ముక్కలుగా బయటపడింది. మామగారి సౌండ్ బాక్సును వాడు బాగుచేయబోయి నలిపేశాడు. దరాషా వాళ్లకు రాస్తే "కర్మాగారంలోనే తిరిగి తయారైనది" అని ఒకటి వచ్చింది. అది కాకిలా అరిస్తే, లోపలి రబ్బరు పీకేసి, రవిక గుడ్డ వేసి, వెండి రంగు పూసి, ఒక రోజు చూసి, పనికిరాదని తిప్పి పంపేశాడు.

"అయితే రబ్బరు పీకింది నువ్వా?" అన్నాను.

"పీకక? ఎవడో తలకాయలేనోడు సైకిలు ట్యూబు వేసి పెట్టినాడన్నా! ఇంకా పంచరు అతుకు గుడా ఉంది దానికి! ఆ అభ్రకం చూసినావా, పండ్లతో కొరికినట్టు కత్తిరించినాడు. లక్క అయితే పేడ అలికినట్టు..."

"అభ్రకానికేం తక్కువ? అది..." అని ఆగాను. కానీ ఆలస్యమైంది.

రమాబాయి గడప దగ్గరికొచ్చింది. "ఇస్త్రీ పెట్టె" అంది. ఒక్కటే మాట.

"కరెంటు చల్లగా వస్తాందన్నారు" అంది, ఇంకా నెమ్మదిగా.

అప్పుడు వంటింటి గడపలోంచి ఒక కిచకిచ మొదలైంది. తారాబాయి కొంగు నోట్లో కుక్కుకుంటున్నది. "అక్కా, నీ మొగుడు ఇస్త్రీ పెట్టెతో ఆపినాడు. మా ఇంట్లో కుట్టు మిషను! పెట్టె లేదని కుట్టు మిషను చక్రానికి ప్లేటు కట్టినాడు. నేను కింద తొక్కాల, ఈయన పైన ముల్లు పట్టుకోవాల. నేను తొక్కితే పాట, ఆపితే మూగ. గట్టిగా తొక్కితే పాడే ఆయన ఆడమనిషైతాడు!"

"అందుకేనా మోకాలు నొప్పి?" అంది రమాబాయి.

"మరింకెందుకనుకున్నావు?"

రమాబాయి ముందు బిగబట్టింది. ఆ తర్వాత గోడ పట్టుకుంది. ఆ తర్వాత చెల్లెలి పక్కన కూలబడి, దాని భుజం మీద తల పెట్టి, నవ్విన నవ్వుకు వీధి తలుపు దగ్గర జనం చేరారు. వాళ్లలో దుర్గప్ప ఉన్నాడు. ఆదివారం కూడా వచ్చాడు.

నేనూ హనుమంతరావూ ఒకరినొకరు చూసుకోలేకపోయాం. నేను నిపుణుడన్నది నన్నే, వాడినే. వాడు తలకాయలేనోడన్నది నన్ను. లెక్క వేసి చూస్తే ఇద్దరిలో నేనే మర్యాదగా మాట్లాడాను. అయినా ఎవరితో చెప్పుకోను?

"అత్తయ్యా," అన్నాను చివరికి, "ఇదంతా మీరన్న మాట కోసమే. ఎవరింట్లో పాడితే వాళ్లింట్లో ఉంటానన్నారు."

"నేనా? ఎప్పుడన్నాను?"

"మంత్రాలయంలో. పంక్తిలో."

"ఏదో కోపంలో అనింటాను. దాన్ని పట్టుకొని మీరు బొంబాయిదాకా పోయినారా?" అని, నుదుటిమీద చెయ్యి పెట్టుకుని, "దేవరే!" అన్నారు. ఆ పైన కన్నడంలో చాలా అన్నారు. రాయను.

కాసేపటికి వంటింట్లో బొరుగుల ఉగ్గాని తాళింపు వాసన వచ్చింది. లోపల రెండు గొంతులు ఒకేసారి మాట్లాడుతున్నాయి. ఏ గొంతూ రెండోదాని కోసం ఆగడం లేదు. గఫూర్ సాబ్ రెండు ప్లేట్ల ఉగ్గాని, ఆరేడు బజ్జీలు తిని, తప్పు స్టవ్‌ది కాదని చెప్పి వెళ్లాడు.

20 నవంబరు

పొద్దున బస్సుకే హనుమంతరావు ఎమ్మిగనూరు పోయి అసలు బాకా, అసలు గొట్టం తెచ్చాడు. బస్సులో బాకాకు టిక్కెట్టు కొట్టాలా లగేజీ కొట్టాలా అని కండక్టరు ఊరు దాటేదాకా ఆలోచించాడట. ఒడిలో పెట్టుకుంటే ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి, "కొంచెం తగ్గించుకో నాయనా, వినపడతాండాది" అన్నాడట. బాకా అసలు మోగనే లేదు.

నేను పెట్టె పట్టుకున్నాను, వాడు బాకా బిగించాడు. సౌండ్ బాక్సు అదే, నా అభ్రకం, వాడి గుడ్డ. "లక్క కొంచెం గీకుదామా అన్నా?" అన్నాడు. గీకాడు. "మచ్చ అట్లే ఉండనీ" అన్నాను. ఉంచాడు.

హేండిలు నిండా తిప్పాను. అత్తగారు కుర్చీలో, కూతుళ్లిద్దరూ కింద చాప మీద.

పాడింది.

కాకి కాదు. మనిషి. కుండ పగలగొట్టుకుని అత్తకు ఏం చెప్పాలో తెలియక బావి దగ్గరే కూర్చున్న పిల్ల పాట. రమాబాయి పాడుతుందని నాకు పెళ్లయిన ఇన్నేళ్లలో తెలియదు. తారాబాయి అందుకుంది. పల్లవి, ఒక చరణం, ఇంకో చరణం. ప్లేటుతో సమానంగా, ఊపిరి కూడా దానితోనే పీలుస్తూ. నేను స్ప్రింగు వైపు చూసి తల ఊపాను. ఒక్క వెంట్రుకవాసి వేగం తగ్గలేదు. మొదటి రకం.

చివరి చరణంలో చిక్కు వచ్చింది. అక్కాచెల్లెళ్లు ఉన్నట్టుండి నెమ్మదించారు. ప్లేటు నెమ్మదించలేదు. వీళ్లు ఒక్కొక్క అక్షరం సాగదీస్తూ, గొంతు లావు చేస్తూ, గేదె అరిచినట్టు కిందికి దిగుతుంటే, ప్లేటులో పిల్ల తన దారిన తాను చకచకా పాడేసి, కుండ సంగతి ముగించి, ఆగిపోయింది. వీళ్లు ఇంకా బావి దగ్గరే ఉన్నారు.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఏం చేసినారండీ పాటను?" అంది రమాబాయి.

"ఏం చేయడం? బాగుచేశాను."

"చివర్లో ఇట్లుండదు. నిదానంగా వస్తుంది. నాయన పెట్టినప్పుడంతా అట్లే వచ్చేది."

"స్ప్రింగు వదులై ఉంటుంది. మామగారికి హేండిలు నిండా తిప్పే ఓపిక లేక..."

"పాటే అట్లుంటుంది బావా" అంది తారాబాయి. "ఇస్కూల్లో నేను అట్లే పాడితే ప్రైజు గుడా ఇచ్చినారు."

అత్తగారి కళ్లు తడిగా ఉన్నాయి. నవ్వు వల్లనో కాదో. "ఆయన సగమే తిప్పేవారు" అన్నారు. "తెగిపోతుందని భయం. వీళ్లు ఆ ఈడ్పు గుడా పాటే అనుకొని నేర్చుకున్నారు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పాల?"

అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "పెట్టండి మళ్లీ" అన్నారు ఇద్దరూ. "తక్కువ తిప్పండి."

ఇరవై ఏళ్లుగా మేలు సరుకును నాసి సరుకు నుంచి వేరుచేసిన చేత్తో హేండిలు పట్టుకున్నాను. తక్కువ అంటే ఎంత? హనుమంతరావు పక్కన చేరి కొలత చెప్పబోయాడు. మొదటిసారి మరీ తక్కువైంది, పిల్ల బావి దాకా పోనేలేదు. రెండోసారి ఎక్కువైంది. "అన్నా, ఇంకొంచెం తగ్గించు." "నువ్వుండవయ్యా." "ఇంత బలమైన స్ప్రింగు ఎందుకు వేసినావన్నా?" "బాగుచేసినవాణ్ణి ప్రతివాడూ ఏదో ఒకటి అనేవాడే." ఆ మధ్యాహ్నమంతా ఇద్దరు మగవాళ్లం కూర్చుని, చెమటలు కక్కుతూ, బాగున్న యంత్రాన్ని సరిగ్గా ఎంత పాడుచేయాలో వెతికాం.

చివరికి దొరికింది. పల్లవి చక్కగా వచ్చింది. చివరి చరణంలో ప్లేటు అలిసింది. పాడే పిల్ల గొంతు లావెక్కి, ఈడ్చి, మూలగడం మొదలుపెట్టింది. చాప మీద ఇద్దరూ భుజాలు కలిపి, అంతే లావుగా, అంతే ఈడ్చి మూలిగారు. కుర్చీలో అత్తగారు కూడా కలిశారు. ప్లేటు, ముగ్గురు ఆడవాళ్లు, కిందికి కిందికి దిగి, ఒకే అక్షరం మీద ఒకేసారి ఆగిపోయారు.

హనుమంతరావు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇదీ పాట" అంది రమాబాయి.